చెవితో తొలిచిన కూజా

ఇరుగుడు మెడ ఊడి ఎగిరి రేకు గోడకి తగిలిన చప్పుడు నాలుగు పాకల అవతలికి వినబడింది. లేతు మీద మిగిలింది తెల్లటి అంకుడు బొజ్జ ఒక్కటే. అది ఇంకా తిరుగుతూనే ఉంది. పెద్దాయన చేతిలో ఉలి కొన పైకి లేచి మోచేయి దాకా జివ్వుమని లాగింది. పక్క మిషను మీద బరిణెలకు లక్క పడుతున్న కోడలు పరుగున వచ్చి స్విచ్చి ఆపింది.

"దెబ్బేటైనా తగిలిందా మావయ్యా?"

ఆయన పలకలేదు. పొట్టులో పడిన నల్లటి ముక్కను తీసి, దాని బెజ్జంలో బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పాడు. లోపల జిగురు పొర నున్నగా మెరుస్తోంది. ఆ పొర మీద తెల్ల చెక్క నార ఒక్కటి కూడా అంటుకుని లేదు. ఎండాల్సిన జిగురు ఎండింది. పట్టుకోవాల్సిన చెక్కే దానికి దూరం జరిగిపోయింది.

ఇది ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో వరాహ నది ఒడ్డున, విశాఖపట్నానికి 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఊరు. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగుల నుంచి పసుపు, నీలిమందు, జాఫ్రా వంటి మొక్కల రంగుల వైపు ఊరిని మళ్లించడానికి ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది ఈ బొమ్మలే. ఆ రంగుల గురించి చాలామంది రాశారు, బాగా రాశారు. రంగు కింద ఉన్న చెక్కను తిప్పి తొలిచే చేతుల గురించి, ఆ చేతులకు దారి చెప్పే చెవి గురించి రాసింది తక్కువ. ఈ గాథలోని మామా కోడళ్లు ఫలానా ఇంటి మనుషులు కారు. తరిమెనల, అంటే లేతుల, దగ్గర జరిగే పనిని, అందులో పడే పాట్లను ఇద్దరి చేతుల్లో పెట్టి చెబుతున్నాను. అందుకే పేర్లు లేవు.

మెడ ఊడిన ఆ కూజా, విశాఖలో ఒక హోటలుకి లోపలి అలంకరణ చూసే అమ్మాయి అడిగిన వస్తువు. రంగు వద్దంది. లక్క బొమ్మ వద్దంది. పదకొండు అంగుళాల ఎత్తు కూజా, కింద తెల్ల చెక్క, పైన నల్ల చెక్క, రెండింటి సొంత రంగూ కనబడాలి. మూతి అంగుళమే ఉండాలి. చేత్తో ఎత్తితే ఇంత పెద్దది ఇంత తేలికా అనిపించాలి. అంటే నడుమ బరమాతో బెజ్జం వేసి వదిలేస్తే కుదరదు. బయట బొజ్జ ఎంత వంపు తిరిగిందో లోపలా అంతే వంపు తిరిగేలా తొలవాలి.

పెద్దాయన ఒప్పుకున్నాడు. కుంకుమ బరిణెలు, పప్పుగుత్తులు, పిల్లల బొంగరాలు, దేవుడి పల్లకీల గుబ్బలు తిప్పుతూ పెరిగిన చేయి అది. ఆయన తండ్రి కాలంలో తరిమెనకి కరెంటు లేదు. ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. తాడు ఇటు లాగితే చెక్క ఇటు, అటు లాగితే అటు. ఉలి ఒక వైపు తిరిగేటప్పుడే కోస్తుంది కాబట్టి, సగం సేపు ఉలిని వెనక్కి తీసుకుని ఆగాలి. ఆ ఆగడంలో చెక్క ఏమంటోందో వినడానికి తీరిక ఉండేదని ఆయన అంటాడు. మోటారు వచ్చాక పని పెరిగింది, తీరిక పోయింది, చెవిలో హోరు మిగిలింది.

తెల్ల చెక్క అంటే అంకుడే. పాలకొడిశ అని కూడా అంటారు, కోస్తే పాలు కారతాయి కాబట్టి. నార సన్నం, ఎటు చూసినా ఒకటే తీరు. ఉలి కింద పట్టులా తెగుతుంది. బొమ్మలకి ఈ ఊరు ఆ చెట్టునే నమ్ముకుంది. ఇప్పుడది దగ్గరి కొండల్లో పలచబడింది, కొమ్మ తెచ్చుకోవాలన్నా దూరం వెళ్లాలి. నల్ల చెక్క ఇరుగుడు, రోజ్‌వుడ్. దాన్ని కొత్తగా కొట్టించే పని లేదు, అక్కర్లేదు కూడా. ఆ జాతి చెట్ల అంతర్జాతీయ వ్యాపారం మీద 2017 జనవరి నుంచి ఒక అంతర్జాతీయ ఒప్పందం కింద ఆంక్షలు వచ్చాయి. చిన్న చేతివృత్తి సరుకుకి 2022లో ఆ ఒప్పంద దేశాల పనామా సమావేశంలో కొంత వెసులుబాటు దొరికింది. ఈ కూజాకి వాడింది మాత్రం పాత ఇంటి అటక మీద పడి ఉన్న పందిరి మంచం కోడు. నాలుగు అంగుళాల మందం. రంపం పెడితే ఊదా నలుపు గీతలు బయటపడ్డాయి, దాంతోపాటు ఘాటైన తీపి వాసన.

రెండు చెక్కల మధ్య అసలు చిక్కు రంగులో లేదు, వయసులో ఉంది. మంచం కోడు రెండు మూడు తరాలు ఇంట్లో ఎండింది. అందులో ఇక కుంచించుకుపోవడానికి ఏమీ మిగల్లేదు. అంకుడు దుంగ నెలన్నర కిందటి దాకా కొండ మీద చెట్టు. చెక్క ఎండుతున్నప్పుడు పొడవున దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందులోనూ వలయాల వెంట తగ్గేది, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి రెట్టింపు దాకా ఉంటుంది. గుండ్రంగా తిప్పిన పచ్చి చెక్క ఎండాక కోడిగుడ్డు ఆకారానికి దిగుతుంది. ఆ కూజాలో అంకుడు ముక్క పైన గుండ్రటి కుసి తీసి, ఇరుగుడు ముక్క అడుగున బెజ్జం కొట్టి, ఒకదానిలో ఒకటి దిగేసి జిగురు పెట్టారు. పైకి ఎండినట్టు కనబడిన అంకుడు లోపల ఇంకా పచ్చిది. ఏప్రిల్ వడగాలికి, తొలిచేటప్పుడు పుట్టిన వేడికి కుసి సన్నబడింది. బెజ్జం మాత్రం కదల్లేదు. వెంట్రుకవాసి సందు చాలు. ఉలి ఒక్కసారి గట్టిగా పట్టుకోగానే మెడ ఊడి వచ్చింది.

"తప్పు జిగురుది కాదమ్మా," అన్నాడాయన ఆ రాత్రి అన్నం ముందు కూచుని. "తొందరది."

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి అంకుడు ముక్కను ముందు మోటుగా తిప్పి, నడుమ బరమాతో బెజ్జం వేసి, గోడ అంగుళం మందం వదిలి పక్కన పెట్టారు. లోపలి నుంచీ బయటి నుంచీ గాలి ఆడితే చెక్క ఒకే తీరున ఎండుతుంది. కోసిన కొనలకు మైనం పూసింది కోడలు. నీళ్లు కొనల గుండానే వేగంగా పోతాయి, అక్కడ ముందు ఎండితే బీటలు అక్కడి నుంచే మొదలవుతాయి. తెల్ల చెక్కకి ఇంకో గండం ఉంది, గాలి ఆడని చోట ముక్కితే నీలి మచ్చలు పడతాయి. నీడ కావాలి, గాలీ కావాలి. వారానికోసారి ఆ ముక్కను సంచిలో వేసుకుని వీధి చివరి కిరాణా కొట్టు తక్కెడలో తూచి, అంకె గోడ మీద బొగ్గుతో రాసింది. అంకెలు దిగుతూ వచ్చాయి. తర్వాత నెమ్మదించాయి. చివరికి మూడు వారాల పాటు ఒకే అంకె పడింది. చెక్క ఎండిందని తేల్చడానికి ఇది నమ్మకమైన పరీక్ష.

ఎండి వంకర తిరిగిన ముక్కను మళ్లీ గుండ్రం చేశారు. కుసి కొత్తగా తీశారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఈ పనిలో నాకు మహా ఇష్టమైన సంగతి అది. నిలువు నార ఉన్న రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టి అతికితే, కోసిన కొనలు రెండూ ఎదురెదురుగా వస్తాయి. ఆ కొనలు జిగురును తాగేస్తాయి తప్ప పట్టుకోవు. నార పక్కన నార పడుకున్నప్పుడే జిగురు నిలుస్తుంది. గుండ్రటి కుసి చుట్టూ గుండ్రటి బెజ్జం కూర్చుంటే, ఆ చుట్టుకొలత అంతా నార పక్కన నారే. కాబట్టి కూజా బలమంతా పైకి కనబడే గీతలో లేదు. లోపల ఒకటి మీద ఒకటి ఎక్కిన అరంగుళం పట్టీలో ఉంది. కూజా గోడ ఎక్కడైనా పలచబడొచ్చు గానీ ఆ పట్టీ దగ్గర పలచబడకూడదు.

ఇరుగుడులో సహజంగా నూనె ఉంటుంది. జిగురు పెట్టే ముందు బెజ్జాన్ని స్పిరిటుతో తుడిచి, ఆరగానే అతికారు. కొనలకు ముందుగా పలచటి జిగురు ఒక పూత పూసి తాగనిచ్చి, తర్వాత అసలు పూత. బిగించి ఒక రాత్రి, ఒక పగలు ముట్టుకోలేదు.

బయటి రూపం తిప్పడం ఆయనకి ఒక పూట పని. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. కష్టమంతా మూతి లోపల ఉంది.

అంగుళం మూతి గుండా ఉలి లోపలికి పోవాలి. నిటారు ఉలి కింది దాకా పోతుంది గానీ భుజం కింద దాక్కున్న చెక్కను అందుకోలేదు. దానికి కొన దగ్గర వంగిన ఉలి కావాలి. 1970లలో అమెరికాలో డేవిడ్ ఎల్స్‌వర్త్ ఈ సన్న మూతి, పలచ గోడ కూజాలను ఒక కళగా నిలబెట్టినప్పుడు, వంకర ఉలులు తనే తయారు చేసుకున్నాడు. ఆయన 1986లో ఏర్పడిన అమెరికా తరిమెన పనివాళ్ల సంఘానికి తొలి అధ్యక్షుడు. ఏటికొప్పాక పెద్దాయనకి ఆ పేరు తెలియదు. ఆయన వంకీ ఉలిని ఊరి కమ్మరి పాత లారీ పట్టీ ముక్కతో కొట్టి ఇచ్చాడు. అవసరం ఒకటే కాబట్టి ఇనుము రెండు చోట్లా ఒకే వంపు తిరిగింది.

లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు. ఉలి ఆనే కమ్మీ మూతికి బయట ఉంటుంది, కోత మూతికి తొమ్మిది అంగుళాల లోతున ఉంటుంది. అంత దూరం ఆసరా లేకుండా గాలిలో ఉన్న కొన, చెక్క పట్టుకుంటే పిడిని చేతిలోంచి లాక్కుంటుంది. పిడిని చంక కింద ఇరికించి, ఒళ్లంతా కలిపి కదలాలి. నిలువు నార చెక్కలో కోత నడుమ నుంచి గోడ వైపు సాగాలి, అప్పుడే నార నున్నగా తెగుతుంది. పొట్టు బయటికి రాదు, లోపలే కూరుకుని ఉలిని బిగబడుతుంది. నాలుగు కోతలకోసారి మిషను ఆపి, కూజా లోంచి పొట్టును పుల్లతో గీకి, నోటితో ఊది బయటికి తియ్యాలి. ఇరుగుడు పొడి మంచిది కాదు. కొందరికి ఒళ్లు దద్దుర్లెక్కుతుంది, ముక్కులు మండుతాయి. ముఖానికి తడిగుడ్డ కట్టుకుని తొలిచాడాయన.

అంకుడు భాగానికి ఒక ఉపాయం ఉంది. గోడ పలచబడ్డాక మిషను ఆపి, లోపలికి చిన్న లైటు దింపి, బయట తడిగుడ్డతో తుడిస్తే వెలుగు చెక్క గుండా తెలుస్తుంది. ముందు ఎర్రగా, పలచబడే కొద్దీ పసుపుగా. ఎక్కడ మందం మిగిలిందో అక్కడ నీడ. కోడలు దీపం పట్టుకుంటే ఆయన నీడల్ని బొగ్గుతో గుర్తుపెట్టుకుని వాటినే తొలిచాడు. ఇరుగుడు భాగానికి ఆ దారి లేదు. ఆ నలుపు వెలుగుని అందుకోదు. మెడ, భుజం, ఆ రెండిటి కింద ముట్టుకోకూడని పట్టీ, అన్నీ చీకట్లోనే. అక్కడ ఉన్నది చెవి ఒక్కటే.

అక్కడే ఆయన ఆగిపోయాడు.

మోటారు హోరులో ఏళ్లు గడిపిన చెవి ముందు పోగొట్టుకునేది సన్నటి, ఎత్తయిన శబ్దాలను. మాట వినబడుతుంది, లారీ హారను వినబడుతుంది. పిచ్చుక కిచకిచ, ప్రెషర్ కుక్కర్ తొలి కూత తెలియకుండా జారిపోతాయి. పలచబడే గోడ మార్పు చెప్పేది సరిగ్గా ఆ ఎత్తయిన శబ్దంలోనే. మొదటి కూజా ఊడడానికి పచ్చి చెక్క కారణమే, కానీ ఉలి అంత గట్టిగా ఎందుకు పట్టుకుంది? గోడ అప్పటికే పలచబడి అదురుతోంది. ఆ అదురు ఆయన చెవిని చేరలేదు. ఈ సంగతి ఆయనకి తెలుసు. కోడలికి అంతకుముందే తెలుసు. వంటింట్లో కుక్కర్ కూతలు లెక్కపెట్టమంటే ఆయన ఎప్పుడూ ఒకటి తక్కువ చెప్పేవాడు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు, పనివాడికి చెవి పోవడం చేయి పోవడం కంటే చెప్పుకోలేని విషయం.

ఆ రోజు ఆయనే ఎత్తాడు. ఉలి దించి, తలపాగా తీసి ముఖం తుడుచుకుని, "అమ్మా, ఆ లక్క పని ఆపి ఇటొచ్చి నిలబడు," అన్నాడు. "నాను కోత్తుంటాను. నువ్విను."

"ఏటి వినాలి మావయ్యా?"

"అది మారతాది. మారినప్పుడు చెప్పు."

కోడలు కూజాకి మూరెడు దూరంలో, ఆయన కుడి భుజం వెనక నిలబడింది. మొదట ఆమెకి అంతా ఒకటే గీకుడు. రెండో కోతలో చెక్క దట్టంగా, మొద్దుగా పలికింది. పొట్టు తీసి మళ్లీ మొదలుపెట్టాక తేడా పట్టుకుంది. బిందె నిండే కొద్దీ నీళ్ల చప్పుడు ఎలా పైకి లేస్తుందో, ఉలి భుజం వైపు సాగే కొద్దీ గీకుడు అలా పైకి లేస్తోంది. ఆ మాటే చెప్పింది.

ఆయన ముఖంలో వెలుగొచ్చింది. "అదే. బిందె నిండకముందే ఆపు నన్ను."

"ఆపండి."

ఆపాడు. వంచిన తీగను మూతిలోంచి దింపి గోడను కొలిచాడు. అంగుళంలో ఆరో వంతు. ఇంకొంచెం ఉంది. మళ్లీ కోత. మళ్లీ "ఆపండి." మళ్లీ తీగ. మూడోసారికి ఆమె మాటా తీగ కొలతా ఒక్కటయ్యాయి. ఆ తర్వాత తీగ తీయడం తగ్గించేశారు. పట్టీ దగ్గరకి వచ్చేసరికి శబ్దం తలకిందులైంది. పైకి లేస్తున్నది ఒక్కసారిగా కిందికి దిగి బరువెక్కింది. రెండు చెక్కలు ఒకదానిలో ఒకటి కూర్చున్న మందం అది.

"మావయ్యా, ఇక్కడ మొద్దుబారింది."

"పట్టీ. వదిలెయ్యాలి." ఉలిని వెనక్కి తీశాడు. పట్టీ దాటి అంకుడులోకి దిగాక శబ్దం ఇంకోలా ఉంది. అదే మందానికి ఇరుగుడు గట్టిగా, కంచులా మోగింది. అంకుడు మెత్తగా పలుకుతోంది. ఒక చెక్క నేర్పిన చెవి రెండో చెక్కకి పనికిరాదు. ఆమె మళ్లీ మొదటి నుంచి విన్నది. లైటు వెలుగు చూసి, శబ్దం విని, రెండిటినీ జత చేసుకుంది.

భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. ఇంకెవరూ ఆ పేరుతో అమ్మకుండా చూస్తుంది, అది మంచిదే. కానీ ఈ వినికిడి ఏ పత్రంలోనూ నమోదు కాదు. శిక్షణ తరగతుల్లో ఉలి పట్టడం చూపిస్తారు, బొమ్మ నమూనాలు ఇస్తారు. చెక్క చప్పుడు వినిపించి, ఇది ఇంత మందం అని చెప్పే పాఠం నేను ఎక్కడా చూడలేదు. అది భుజం వెనక నిలబడితేనే వస్తుంది. నిలబడే మనిషికి ఆ పూట కూలి ఎవరివ్వాలన్నది ఈ ఊళ్లన్నీ తేల్చుకోవలసిన ప్రశ్న. ఉప్పు, పప్పు కొనుక్కోవలసిన ఇంట్లో అది చిన్న ప్రశ్న కాదు.

తొలచడం అయ్యాక ఇంకో ప్రమాదం మిగిలింది. రెండు రంగుల చెక్కను గరుకు కాగితంతో రుద్దితే నల్ల పొడి తెల్ల చెక్క రంధ్రాల్లో దూరి కూర్చుంటుంది, ఇక అంకుడు మురికి పట్టినట్టే ఉంటుంది. స్పిరిటు తగిలితే ఇరుగుడు రంగు కూడా కారి తెల్లదాని మీదికి పాకుతుంది. ఆ చిక్కు విడదీసింది పెద్దాయన కాదు. లక్క పని ఆమెది. ముందు తెల్ల భాగానికి రంగు కలపని లక్క కడ్డీ ఆనించింది. తిరిగే చెక్క రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి పొరగా పరుచుకుంది. మొగలి ఆకుతో దాన్ని నున్నగా లాగింది. రంధ్రాలు మూసుకుపోయాయి. ఆ తర్వాతే ఇరుగుడును ముట్టుకుంది, అదీ గరుకు కాగితంతో కాదు, కొత్తగా పదును పెట్టిన ఉలితో నార తెగే తీరున పలచగా గీకి. నల్ల పొడి తెల్ల భాగం మీద పడినా గుడ్డతో తుడిస్తే పోయింది. రెండు చెక్కలు కలిసే గీత చుట్టూ ఒక్క మచ్చ లేదు.

హోటలు అమ్మాయి వచ్చి కూజాను రెండు చేతులతో ఎత్తబోయి, ఒక చేత్తో ఎత్తింది. మూతిలో వేలు పెట్టి చూసింది. లోపలి పట్టీ వేలికి తగిలి, "ఇదేమిటి, ఇక్కడ మందంగా వదిలేశారు?" అని అడిగింది. పెద్దాయన కోడలి వైపు చూశాడు. కుసి ఎందుకు, బెజ్జం ఎందుకు, నార పక్కన నార ఎందుకు పడాలో కోడలు చెప్పింది, మొదటి కూజా ఊడిన మెడను అటక మీంచి తీసి చూపించి మరీ. ఆ అమ్మాయి ఇంకో నాలుగు కావాలంది. తొందర లేదు, చెక్క ఎండేదాకా ఆగుతానంది.

ఆ సాయంత్రమే కోడలు కమ్మరి కొట్టుకి వెళ్లింది. తనకో వంకీ ఉలి కావాలంది. మావయ్యది తన చేతికి పొడుగు, పిడి చంకలో ఇమడటం లేదు. కమ్మరి ఆమె మోచేయి నుంచి వేలి కొన దాకా దారంతో కొలుచుకుని, వంపు ఎంత పెట్టమంటావని అడిగాడు. భుజం వంపుకి మావయ్య ఉలి వంపు చాలదు, ఇంకొంచెం తిప్పమంది. పాత లారీ పట్టీ ముక్క ఉందో లేదో చూసి రేపు చెబుతానన్నాడు.